నూనె కారే చోటు

పాత కారున్న ఇంటిని గుర్తించడానికి చిరునామా అక్కరలేదు. వాకిట నేలమీది నల్లని మరక చాలును. లాలాగూడలో మా యింటి ముందు అటువంటి మరక ఒకటి కొంతకాలంగా పెరుగుతూ వచ్చినది. ఛందస్సు చెప్పుకొనేవారికి గేర్‌బాక్సుతో పనియేమని మా విద్యార్థులు నవ్వవచ్చును. నవ్వనిండు. గణవిభజనకంటె ఇది కష్టమైన పని.

కారు 1984 నాటి అంబాసిడర్, మార్క్ నాలుగు. మా అబ్బాజాన్ లాలాగూడ రైల్వే కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేసి, 2008లో ఉద్యోగ విరమణ చేసినప్పుడు వచ్చిన సొమ్ములో కొంత పెట్టి దానిని పాతదిగానే కొన్నారు. ఆ కార్ఖానా నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వారి కాలంలో, 1893లో వెలసినది. మా పేటలో ఎవరి యింటి తలుపు తట్టినా ఒక ఫిట్టరో, ఒక వెల్డరో, వారి సంతానమో పలుకుతారు. ఇక అంబాసిడర్ మాట. ఆంగ్లేయుల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారే మన ఉత్తరపాడాలో అంబాసిడర్‌గా మారి, 1950ల చివరనుండి 2014 వరకు తయారైనది. 2014 తరువాత కొత్తది లేదు. విడిభాగాలకోసం రాణీగంజ్ దుకాణాలలో వెదకవలసినదే. దొరికినది సరిపోతుందన్న నమ్మకమూ లేదు.

గేర్‌బాక్సులో నూనె తగ్గిపోతే లోపలి పండ్లచక్రాలు ఒరుసుకొని అరిగిపోతాయి. అటుపిమ్మట కారు ఇనుప సామాను కొనేవాని పాలు. మా తమ్ముడు ఆ మాట ముందుగానే అన్నాడు: “భాయిజాన్, ఇనుము ధరకైనా ఇప్పుడే ఇచ్చేద్దాం. వచ్చే సంవత్సరం ఆ ధరా రాదు.” రిజిస్ట్రేషను గడువు కూడ దగ్గరపడినది. పదిహేనేండ్లు దాటిన కారును ఐదేండ్లకొకసారి తనిఖీకి చూపించవలెను గదా! తమ్ముని లెక్కలో తప్పు లేదు. కాని అబ్బాకు నీటికాసుల వ్యాధివలన చూపు చాలవరకు పోయినది. శుక్రవారం నమాజుకు, సాయంకాలం తార్నాక మీదుగా విశ్వవిద్యాలయ ఆవరణలోని చల్లగాలికి వారు బయలుదేరేది ఈ కారులోనే. ఆటో ఎక్కమంటే “నేడు ఒంట్లో బాగులేదు” అంటారు.

ఒక గ్యారేజీవారు వెనుక సీలు రెండుసార్లు మార్చి రెండుసార్లు సొమ్ము పుచ్చుకొన్నారు. మరక మాత్రం తగ్గలేదు.

అప్పుడు అబ్బా తమతో పనిచేసిన ఒక చాచాను పిలిపించినారు. చాచా వచ్చి పానా పట్టలేదు. కిరసనాయిలుతో అడుగుభాగమంతా కడిగించి, ఆరబెట్టించి, సుద్దపొడి తెమ్మన్నారు. అధ్యాపకుల యింట సుద్దకేమి కరువు! పొడి చేసి గేర్‌బాక్సు చుట్టూ చల్లి, తార్నాక చౌరస్తామీదుగా ఆర్ట్స్ కళాశాల వరకు నడిపి తిరిగివచ్చినాము. మేము కారు క్రింద పడుకొని చూసినది చూసినట్లు చెప్పుచుండగా, అబ్బా, చాచా పైన కుర్చీలలో కూర్చుండి విన్నారు. ఇంజను, గేర్‌బాక్సు కలిసే చోట క్రింద ఒక చిన్న రంధ్రమున్నది; అందులో ఒక పిన్ను వ్రేలాడుతుంది. అక్కడ రెండు చుక్కలు మాత్రమే, నల్లనివి. నూనె తీసే మర దగ్గర సుద్ద తెల్లగానే ఉన్నది. తోకభాగంలో, ప్రొపెల్లర్ షాఫ్టు కొననున్న యోకు దూరే చోట మాత్రం సుద్ద ముద్దయైనది. దానికి ఎగువన కారు అడుగున అడ్డంగా చిమ్మిన చార. తిరిగే వస్తువు నూనెను విసరివేసిన గుర్తు అది. “వాసన చూడు బేటా” అన్నారు అబ్బా. గంధకపు వాసన. ఇంజను నూనెకు ఆ వాసన ఉండదు.

అంటే సీలు ఉన్న చోటే. సీలు కొత్తది. మరి నూనె ఎట్లు వచ్చుచున్నది?

షాఫ్టును ఊడదీసినాము. ఊడదీయుటకు ముందు వెనుక పలకల మీద రెండువైపుల సుద్దగీత గీయించినారు. మరల ఆ గీతలు కలిపి బిగించకపోతే షాఫ్టు తూకం తప్పి కారు వణకుతుందట. కారు వెనుకభాగాన్ని జాకీతో ఎత్తి ఉంచితిమి గనుక లోపలి నూనె మీద పడలేదు. యోకును తుడిచి అబ్బా చేతిలో పెట్టినాము. మా కంటికది అద్దంవలె నున్నగా ఉన్నది. అబ్బా కన్నులు మూసుకొని బొటనవ్రేలి గోటిని దానిమీద మెల్లగా నడిపించినారు. ఒకచోట గోరు ఆగినది. మరల నడిపించినారు. మరల అక్కడనే ఆగినది. “ఇక్కడ గాడి పడినది” అన్నారు. ఏండ్ల తరబడి సీలు పెదవి ఒకేచోట రాచుకొనుటచేత ఇనుము వెంట్రుక మందాన అరిగినది. కొత్త సీలు వచ్చి ఆ గాడిమీదనే కూర్చున్నది. గాడిలోనుండి నూనె యథేచ్ఛగా పోవుచున్నది. పైగా తోకలోని బుష్ అరిగి యోకు ఆడుచున్నది. రెండుసార్లు సీలు మార్చినవారు ఈ రెండింటిని ముట్టి చూడలేదు.

ఇక్కడ ఒక చిన్న మాట. గాడిని సరిచేయుటకు యోకును అబ్బా “ఖరాద్‌కు పంపు” అన్నారు, చాచా “లేతుకు పంపు” అన్నారు. మన నిఘంటువులలో దీనికి తరిమెన అనే చక్కని తెలుగు మాట ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయంకోసం 1917లో నెలకొల్పిన అనువాద సంస్థ శాస్త్రాలకు ఉర్దూ పరిభాష కూర్చినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగు పరిభాష కూర్చినది. మా వీధిలోని కుర్రవాడు ఈ రెండింటిని ఎరుగక, “అంకుల్, టర్నింగ్ కొట్టించాలె” అని మూడు ముక్కలలో పని ముగించినాడు. మా పాండిత్యం అక్కడ మౌనం వహించినది.

టర్నరు యోకును పలుచగా చెక్కి, ఒక సన్నని ఉక్కు తొడుగు వేడిచేసి ఎక్కించి, మరల కొలతకు తెచ్చి నునుపు పెట్టినాడు. కొత్త బుష్ దిగగొట్టి రీమరు త్రిప్పినది చాచా చేయి. సీలు పెదవికి నూనె పూసి అమర్చినాము. పొడిగా పెడితే మొదటి మైలులోనే కాలిపోతుందని వారి హెచ్చరిక. ఇక నూనె. గాఢత సరిపోయిన ప్రతి నూనె పనికిరాదు; కొన్ని ఆధునికమైన గేర్ నూనెలలోని గంధకపు మందులు పాత పెట్టెలలోని ఇత్తడి వలయాలను తినివేస్తాయి. దుకాణంలో డబ్బామీది అక్షరాలను మేమే చదివి తెచ్చినాము. పోసే రంధ్రం అంచు వరకే పోయించి, చాచా “బస్” అన్నారు.

మరల సుద్ద చల్లి ఆర్ట్స్ కళాశాల వరకు పోయివచ్చినాము. తోక తెల్లగా ఉన్నది. అబ్బా నమ్మక, చేయి పెట్టి చూసి, వ్రేళ్లకంటిన సుద్దను చాలాసేపు రుద్దుకొన్నారు. తనిఖీ జరిగి రిజిస్ట్రేషను ఐదేండ్లకు వచ్చినది. తమ్ముడు మొన్న శుక్రవారం తానే తాళపుచెవి అడిగి తీసుకొన్నాడు.

ఆ ముందరి రంధ్రంలోని రెండు నల్లని చుక్కలు మాత్రం ఇంకను పడుచున్నవి. అవి ఇంజను వెనుకకొననుండి వచ్చునవి. ఈ కారు ఇంజను వంశానికి చెందిన తొలినాటి ఇంజనులలో ఆచోట రబ్బరు సీలు ఉండేది కాదు. మరచుట్టువంటి ఒక గాడి నూనెను త్రిప్పి లోనికి పంపేది, ఆగినప్పుడు ఒకటి రెండు చుక్కలు జారేవి. అది దాని పుట్టుకతో వచ్చిన గుణమని, ముట్టవద్దని చాచా. ఇంజను దింపి చూడవలసినదేనని అబ్బా. ప్రతి ఆదివారం చాయి త్రాగుతూ ఇద్దరూ ఈ విషయం మీదనే వాదించుకొనుచున్నారు.