మసి పూయని ఆకు

గంటముతో వ్రాసిన తాటియాకునకు మసి పూయనిచో అక్షరములు కానరావు. మాతృకలతో పనిచేసిన వారి కందఱికిని ఇది తెలిసినదే. అయినను, తెలిసిన సంగతియే వేఱొక రూపమున ఎదురైనపుడు నేను గుర్తింపలేకపోతిని.

నా కంప్యూటరు విండోస్ ఎక్స్‌పీ నాటిది. మైక్రోసాఫ్టు వారు 2014 ఏప్రిల్‌లోనే దాని పోషణను విరమించిరి. ఒక అముద్రిత వ్యాఖ్యకు నేను చేయుచున్న పరిష్కరణ మంతయు అందులో పాత తెలుగు ఫాంటుతో కూర్పబడి యుండుటచే దానిని విడువలేదు. గత వేసవిలో పూర్వశిష్యు డొకడు ఆ వ్యాఖ్యకే చెందిన మఱి రెండు మాతృకల ఛాయాచిత్రములను హార్డు డిస్కున కెక్కించి పంపెను. అం దొక మాతృక అటుపిమ్మట యజమాని యింటికప్పు కారి తడిసి, ముద్దయై పోయినది. శిష్యునివద్ద మఱియొక నకలు ఉండుననియే తలచితిని. లేదు.

డిస్కు తగిలింపగా తెరపై ఒక ప్రశ్న కనబడెను: ఈ డిస్కు ఫార్మాటు కాలేదు, ఇపుడు చేయుదురా? ఫార్మాటనగా సిద్ధపఱచుట కాబోలు ననుకొని 'ఎస్' నొక్కితిని. వేఱొక చిన్న గవాక్షము తెఱచుకొనెను. అందు 'స్టార్టు' నొక్కితిని. మూడవ మాఱు వచ్చిన హెచ్చరికలో 'ఎరేజ్' అను మాట యుండెను. నా కొలది ఆంగ్లమునకును ఆ మాట తెలియును. చేయి ఆగినది. వెంటనే శిష్యునికి ఫోను చేసితిని.

"గురువుగారూ, ఇంకేమీ నొక్కకండి. క్యాన్సిల్ చేసి తీగ తీసేయండి. ఆదివారం నేనే వస్తాను" అనెను.

ఆ డిస్కు ఎక్స్‌ఫాట్ అను పద్ధతిలో నున్నదట. అది 2006లో వచ్చినది. ఎక్స్‌పీ 2001 నాటిది. 2009లో వెలువడిన ప్రత్యేక అనుబంధమును చేర్చుకొన్నగాని ఎక్స్‌పీకి ఆ పద్ధతి బోధపడదు. నా యంత్రమునకు అది లేదు. "నాకు చదువరాదు" అనవలసిన చోట అది "ఇందేమియు లేదు" అన్నది. దానిని నిందింప నా కధికారము లేదు. యౌవనమున ఒక గ్రామములో మాతృకల పట్టిక వ్రాయుచు, నందినాగరి కట్ట నొకదానిని 'అపాఠ్యము' అని నమోదు చేసితిని. లిపి చక్కగనే యుండెను, నాకు రాకపోయినది. ఆ కట్ట యిపు డెచ్చట నున్నదో యెఱుగను.

ఆదివారము శిష్యుని క్రొత్త ల్యాప్‌టాప్‌లో డిస్కు మాఱుమాట లేక తెఱచుకొనెను. మొదట సమస్తమును దానికి నకలు చేసి, పిదప ఫాట్32 పద్ధతిలోని పెన్‌డ్రైవు ద్వారా నా యంత్రమునకు చేర్చెను. ఆ పద్ధతిలో ఒక్కొక్క ఫైలు నాలుగు గిగాబైట్లకు లోబడి యుండవలెను; మావన్నియు చిన్నవే. నా పరిష్కరణను తన ల్యాప్‌టాప్‌లో తెఱవబోగా, ఫాంటు లేమిచే ఆంగ్లాక్షరముల కలగాపులగము కనబడెను. ఈ మాఱు తెల్లబోవుట అతని వంతైనది. ఫాంటు నెక్కింపగా తెలుగు తిరిగి వచ్చినది.

ఇరువురము కూర్చుండి ఆకులు లెక్కించితిమి. తడిసిన మాతృకలోని 112 ఆకులును చిత్రములలో నున్నవి. 43వ ఆకు రెండవ వైపున నేను ఏండ్ల తరబడి వెదకుచున్న పంక్తి స్పష్టముగా నున్నది. అచట నేను ఊహించి పూరించిన పాఠము తప్పు.