షావుకారుకు దక్కని పేరు

విజయా సంస్థ 1950లో తీసిన తొలి చిత్రం 'షావుకారు' ఒక నటికి ఇంటిపేరైంది. అందులో కథానాయికగా వేసిన జానకి ఆనాటి నుంచి షావుకారు జానకి అయ్యారు. సినిమాలో అసలు షావుకారు మాత్రం వేరే మనిషి. వడ్డీలెక్కలే లోకంగా బతికే చెంగయ్య పాత్ర అది. వేసింది డాక్టర్ గోవిందరాజుల సుబ్బారావు. ఈ పేరు చెబితే పాత సినిమాలంటే ప్రాణమిచ్చేవారు తప్ప మిగతావారు కాసేపు ఆలోచించాల్సిందే. ఫొటో చూపిస్తే మాత్రం "ఓ, ఈయనా!" అంటారు. క్యారెక్టర్ నటులకు ప్రేక్షకులిచ్చే గుర్తింపు చాలాసార్లు ఆ ఒక్క మాటే.

సుబ్బారావు పుట్టింది 1895లో. తెనాలిలో హోమియో వైద్యుడు. పేరు ముందున్న డాక్టర్ అన్న మాట ఏ విశ్వవిద్యాలయమో కప్పిన శాలువా కాదు, ఆయన చేసిన వృత్తి. నాటకాల ఊరిగా పేరుపడ్డ తెనాలిలో రంగస్థలం మీద పండి తెరకొచ్చిన తరం ఆయనది. 1938లో 'మాలపిల్ల' విడుదలయ్యేనాటికి ఆయనకు నలభై మూడేళ్లు. కథానాయకుడి వేషాలకు ఆ వయసు పనికిరాదు. కానీ సంఘసంస్కరణను తలకెత్తుకున్న నాటి తెలుగు సినిమాకు ప్రేమించే కుర్రవాడి కంటే మరో మనిషి ఎక్కువ అవసరం. అతను సంస్కరణను ఎదిరించేవాడు, చివరకు మనసు మార్చుకోవలసినవాడు.

ఆలయ ప్రవేశం నాడు మండుతున్న సమస్య. తిరువాన్కూరు సంస్థానం 1936లో గుడి తలుపులు అందరికీ తెరిచింది. మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది 1939లో. ఈ రెంటి మధ్య గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. చలం, తాపీ ధర్మారావు ఆ చిత్రానికి కలం పట్టారు. కాంచనమాల కథానాయిక. ఛాందసుడైన సుందరరామశాస్త్రిగా సుబ్బారావు నటించారు. ఆ కథలో ప్రేమికులు మారాల్సిన పనిలేదు, శాస్త్రి మారాలి. దళితులను గుడి గడప తొక్కనివ్వని ఆ పెద్దమనిషి, మంటల్లో చిక్కుకున్న తన భార్యను ఓ దళిత యువకుడు కాపాడిన తర్వాత తలవంచుతాడు. ఆ పాత్రను రాక్షసుడిలా చూపిస్తే హాల్లో కూర్చున్న ఛాందసులు 'మేం వాడిలాంటివాళ్లం కాదు' అనుకుని నిశ్చింతగా ఇంటికి వెళ్లేవారు. తాను ధర్మాన్నే కాపాడుతున్నానని నమ్మే మనిషిగా కనిపిస్తేనే వాళ్లకు గుచ్చుకుంటుంది. సినిమా చెప్పదలుచుకున్న మాట బరువంతా ఆ వేషం మీదే పడింది.

తొమ్మిదేళ్ల తర్వాత అదే మనిషి అవతలి గట్టున నిలబడ్డారు. 1947లో వచ్చిన 'పల్నాటి యుద్ధం'లో కన్నాంబ నాయకురాలు నాగమ్మ, అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడు, సుబ్బారావు బ్రహ్మనాయుడు. అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించిన బ్రహ్మనాయుడన్న మాట. నిర్మాణం పూర్తికాకుండానే 1946లో రామబ్రహ్మం కన్నుమూస్తే మిగతా చిత్రాన్ని ఎల్.వి.ప్రసాద్ ముగించారు. గుడి తలుపు మూసిన శాస్త్రినీ, పంక్తి భోజనం పెట్టిన నాయుణ్నీ ఒకే ముఖంలో చూసి ప్రేక్షకులు నమ్మారు. తారకు ఇది కష్టం. తార ఏ వేషం వేసినా ముందు తారే కనిపిస్తాడు.

మరి రెండేళ్లకు కె.వి.రెడ్డి 'గుణసుందరి కథ'లో ఆయన ఉగ్రసేన మహారాజు. ఇది షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' ఛాయల్లో అల్లిన జానపదం. ముగ్గురు కూతుళ్లలో ముఖప్రీతి మాటలకు పొంగిపోయి, నిజం చెప్పిన చిన్న కూతుర్ని దూరం చేసుకునే తండ్రి. ఆ మర్నాటి ఏడాదే చెంగయ్య. పొరుగింటివారితో వైరం పెంచుకుని, కొడుకుగా వేసిన ఎన్.టి.రామారావునూ దూరం చేసుకునే షావుకారు. రాజైనా, వడ్డీ వ్యాపారైనా ఆ మొండితనం ఒకటే, అది కరగడమే కథ. హీరో మొదటి రీలు నుంచీ మంచివాడే కాబట్టి, మారే అవకాశం దక్కింది ఈ తండ్రులకే.

'కన్యాశుల్కం' (1955) నాటికి ఆయనకు అరవై ఏళ్లు. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి, సి.ఎస్.ఆర్. రామప్పపంతులు. వీళ్లందరి మధ్య లుబ్ధావధాన్లు వేషం సుబ్బారావుది. డబ్బు దగ్గర ప్రాణం విలవిల్లాడే ఈ ముసలాడు చిన్నపిల్లను పెళ్లాడాలని ఆశపడి, ఆడవేషంలోని కుర్రాణ్ని ఇంటికి తెచ్చుకుంటాడు. నవ్వుకు లోటులేదు. ఆ నవ్వు వెనక గురజాడ పెట్టిన నిజం మాత్రం చేదుది: ఆ వేషధారి స్థానంలో నిజంగా ఓ ఆడపిల్ల ఉంటే ఆమె గతేమిటి?

సముద్రాల అవతల ఇలాంటి నటులకు లెక్క వేరుగా ఉంది. హాలీవుడ్‌లో ముసలి వేషాలకు పెట్టింది పేరైన వాల్టర్ బ్రెన్నన్ సుబ్బారావు కంటే ఒక్క ఏడాది పెద్ద. 1936 చిత్రాల నుంచి ఆస్కార్‌లో సహాయ నటులకు విడిగా బహుమతి పెడితే, మొదటిది అందుకున్నది బ్రెన్ననే. 1938, 1940 చిత్రాలకు మరో రెండుసార్లు గెలిచాడు. మన జాతీయ అవార్డుల్లో ఉత్తమ నటుడి బహుమతే 1967 చిత్రాలతో మొదలైంది. సహాయ నటుడి విభాగం రావడానికి 1984 దాకా ఆగాల్సి వచ్చింది. సుబ్బారావు 1959లోనే వెళ్లిపోయారు.

బహుమతి రాకపోవడం వల్ల ఆయన నటన చిన్నదైపోదు. కానీ బహుమతులు, శతజయంతులు, విగ్రహాలు లేనిచోట జ్ఞాపకం పూర్తిగా ప్రేక్షకుడి దయ మీద ఆధారపడుతుంది. ఆ ప్రేక్షకుల తరమూ ఒక్కొక్కరే తగ్గిపోతోంది. టీవీలో ఎప్పుడైనా 'షావుకారు' వస్తే చెంగయ్య లెక్కల పుస్తకం ముందు కూర్చున్నప్పుడు పిల్లలకు ఆ నటుడి పేరు చెప్పవచ్చు. హీరో ఎవరో వాళ్లకు ఎలాగూ తెలిసే ఉంటుంది.