పడవ ఇంజనుకు ఏ నిప్పురవ్వ?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. కథలు, కవితలు మాకు రావు. మేము ముగ్గురం ఒకే గదిలో, ట్రంకు పెట్టెలే బల్లలుగా చదువుకున్నవాళ్లం. తరువాత ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ కోర్సు చేసి, విశాఖపట్నంలో చిన్న షెడ్డు పెట్టుకుని పడవల ఇంజన్లు బాగుచేస్తున్నాం. తెలిసిన పని గురించి రాస్తే విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం చదివేవారికైనా పనికొస్తుందని ఈ నాలుగు మాటలు.

మా దగ్గరకు ఎక్కువగా వచ్చేవి వేటకు వెళ్లే పడవల ఔట్‌బోర్డు ఇంజన్లు. వాటిలో తాడు లాగగానే ఫ్లైవీలులోని అయస్కాంతాలు తీగచుట్టల మీదుగా తిరుగుతాయి, కరెంటు పుడుతుంది, ప్లగ్గులో నిప్పురవ్వ పడుతుంది. బ్యాటరీతో పని లేదు. పాఠంలో ఫారడే పేరు మీద చదివినదంతా ఆ ఫ్లైవీలు కింద ఉంది.

ఒకసారి ఒక ప్రైవేటు యజమాని తన స్పీడుబోటు తెచ్చారు. అందులో పెట్రోలుతో నడిచే వి-8 ఇంజను ఉంది. వేగం పెంచినప్పుడల్లా తడబడుతోంది. ఆయన సంచిలోంచి ఒక కారు డిస్ట్రిబ్యూటరు తీసి మా ముందు పెట్టారు. "ఇది బిగించండి. కారులో పనిచేసేది పడవలో పనిచేయదా?" అన్నారు. మా షెడ్డుకు అంత పెద్ద పని రావడం అదే మొదలు. అడ్వాన్సు కూడా తీసుకున్నాం.

ముందు ఇంజను తడబాటుకు కారణం చూశాం. అందులో ఉన్నవి పాతకాలపు కాంటాక్టు పాయింట్లు. పాయింట్లు కలిసి ఉన్నప్పుడు కాయిల్‌లో కరెంటు నిండుతుంది. విడిపోగానే అయస్కాంత క్షేత్రం కూలి వేల వోల్టులు పుడతాయి. అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ ఈ పద్ధతిని 1910 ప్రాంతంలో కార్లకు తెచ్చారు. పద్ధతి మంచిదే. కానీ లెక్క చూడండి. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కో సిలిండరుకు రెండు చుట్లకు ఒక నిప్పురవ్వ కావాలి. ఎనిమిది సిలిండర్లకు చుట్టుకు నాలుగు. నిమిషానికి 5,000 చుట్లు తిరిగితే 20,000 నిప్పురవ్వలు, అంటే సెకనుకు 333. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దొరికేది సెకనులో వెయ్యో వంతులు మూడే. అందులోనూ పాయింట్లు కలిసి ఉండేది సుమారు రెండు వంతులు. అంతలో కాయిల్ నిండదు. దానికి తోడు ఆ వేగంలో పాయింట్లు సరిగ్గా మూసుకోకుండా ఎగురుతుంటాయి. ఇంజను తడబడక ఏం చేస్తుంది?

కాబట్టి పాయింట్లు మార్చి ఎలక్ట్రానిక్ పద్ధతి పెట్టాలి. ఇందులో రెండు దారులు ఉన్నాయి. ఒకటి సి.డి.ఐ. దీనిలో ఒక కెపాసిటరును మూడు నాలుగు వందల వోల్టులకు నింపి, ఒక్కసారిగా కాయిల్‌లోకి వదులుతారు. నిప్పురవ్వ చాలా బలంగా, చాలా త్వరగా పడుతుంది. నూనె, మసి పట్టిన ప్లగ్గు కూడా వెలుగుతుంది. టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డులకు అందుకే ఇది బాగా నప్పింది. కానీ ఆ నిప్పురవ్వ క్షణంలో ఆరిపోతుంది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పలచని మిశ్రమం అంటుకోకుండా పోవచ్చు. అందుకే కొన్ని సి.డి.ఐ. పెట్టెలు తక్కువ వేగంలో వరుసగా అనేక నిప్పురవ్వలు వేస్తాయి. రెండోది ఇండక్టివ్ పద్ధతి. కాయిల్‌ను నింపే పాత పద్ధతే గానీ పాయింట్ల బదులు ట్రాన్సిస్టరు ఉంటుంది. అరిగేది లేదు, ఎగిరేది లేదు. నిప్పురవ్వ ఎక్కువసేపు నిలుస్తుంది, వైరింగు తక్కువ.

ఆ బోటుకు సూపర్‌చార్జరు లేదు. కంప్రెషను మామూలుగానే ఉంది. అలాంటి ఇంజనుకు ఇండక్టివ్ సరిపోతుందని మా ముగ్గురి లెక్కా ఒకటే వచ్చింది. దానికి రెవ్ లిమిటరు తప్పనిసరి అనుకున్నాం. అల మీద బోటు ఎగిరినప్పుడు ప్రొపెల్లరు నీటిలోంచి పైకి వస్తుంది. భారం లేక ఇంజను ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది. ఆ క్షణంలో నిప్పురవ్వను కత్తిరించేదే ఆ లిమిటరు. టైమింగు కూడా కారు లెక్కన పెట్టకూడదు. కారు పల్లంలో దొర్లుతుంది. పడవకు పల్లం లేదు, నీరు ఎప్పుడూ వెనక్కి పట్టి లాగుతూనే ఉంటుంది. అడ్వాన్సు ఎక్కువ పెడితే పెట్రోలు ముందే పేలి పిస్టను కరిగిపోతుంది.

ఇవన్నీ యజమాని ఒప్పుకున్నారు. చిక్కు డిస్ట్రిబ్యూటరు దగ్గర వచ్చింది. తను తెచ్చిన కారుదానిలోనే ఎలక్ట్రానిక్ కిట్టు పెట్టమన్నారు. పడవకు తగినదాని ధర చాలా ఎక్కువ.

డిస్ట్రిబ్యూటరు మూత లోపల కూడా ప్రతిసారీ నిప్పురవ్వ దూకుతుంది. కారు బానెట్ కింద గాలి ఆడుతుంది, అడుగున తెరిచి ఉంటుంది, పెట్రోలు ఆవిరి పోతుంది. బోటులో ఇంజను మూసిన గదిలో ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు. ఎక్కడ కారినా అడుగున పేరుకుని కూర్చుంటుంది. పడవలకు చేసే డిస్ట్రిబ్యూటరు గాలిరంధ్రాలకు సన్నని లోహపు జాలీ ఉంటుంది. లోపల మంట పుట్టినా ఆ జాలీ వేడిని లాగేసి బయటికి రానివ్వదు. స్టార్టరు, ఆల్టర్నేటరుకు కూడా ఇదే నియమం. ఎస్.ఏ.ఇ. జె 1171 అనే ప్రమాణం ఉన్నది ఇందుకోసమే.

"అయ్యా, ఇది బిగించలేం. అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తాం" అన్నాం. ఆయనకు కోపం వచ్చింది. "నా బోటు, నా ఇష్టం" అన్నారు. ఆ నెల షెడ్డు అద్దె ఆ పని మీదే ఆధారపడి ఉంది. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు, అయినా ఎవరం నోరు మెదపలేదు. అప్పుడు బోటు నడిపే సరంగు మెల్లగా అడిగాడు: "బాబూ, ఆ గది మూత మీదే గదా నేను కూర్చుంటాను?" యజమాని అతని వైపు చూశారు. ఆదివారాలు అదే చోట తన పిల్లలు కూర్చుంటారని ఆయనకు గుర్తొచ్చినట్టుంది. కాసేపటికి, "సరే, పడవదే తెప్పించండి" అన్నారు.

తెప్పించి బిగించాం. ఎలక్ట్రానిక్ పెట్టెను ఇంజను వేడికి దూరంగా పెట్టాం. ఉప్పుగాలికి తట్టుకునే తగరపు పూత రాగి వైర్లు వేశాం. బోటు పూర్తి వేగంలో తడబడకుండా పోయింది. సరంగుకు మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాం: జాలీ ఉంది కదా అని బ్లోయరు మరవొద్దు, తాళం తిప్పే ముందు నాలుగు నిమిషాలు గాలి తోలాలి, వాసన కూడా చూసుకోవాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! శక్తిగల ఇంజను అంటే అందరూ బలమైన నిప్పురవ్వ గురించే అడుగుతారు. మేము ఇప్పుడు మూడు ప్రశ్నలు వరుసగా వేసుకుంటున్నాం. బయట మంట పుట్టించదు కదా? నడినీళ్లలో ఆగిపోదు కదా? ఆ తరువాతే, ఎంత బలం? మీరు రేపు మెకానిక్ అయినా, ఇంజనీరు అయినా, ఆ పరికరం మీద కూర్చునేది ఎవరో ఒకసారి చూసి ఎంచుకోండి. తెలియక అడిగేవారికి తెలిసినవారు కాదని చెప్పగలగాలి. అందుకు చదువు కావాలి. బాగా చదవండి. సెలవుల్లో విశాఖ వస్తే మా షెడ్డుకు రండి, ఫ్లైవీలు విప్పి చూపిస్తాం.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థులు ముగ్గురు