ఒట్టి శ్రుతి

తెల్లవారుజామున ఐదింటికి మా జెర్సీ సిటీ అపార్ట్‌మెంట్ వంటింట్లో తంబూరా మోగేది. అసలు తంబూరా కాదు, ఇటుకంత ఎలక్ట్రానిక్ పెట్టె. ఆర్నెల్లుండి పోదామని విజయనగరం నుంచి వచ్చిన అమ్మ దాన్ని చేతిసంచిలో పెట్టుకుని మరీ తెచ్చుకుంది. విమానాశ్రయంలో సామాను చూసే ఆయన ఇదేమిటని అడిగితే ‘శ్రుతి’ అని చెప్పిందట. ఆయనకేం అర్థమైందో గానీ వదిలేశాడు.

అమ్మ చదువుకున్నది విజయనగరం సంగీత కళాశాలలో. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైన కాలేజీ అది. పెళ్లయ్యాక కచేరీల ఊసు లేదు, ఇంట్లో పిల్లలకు పాఠాలే. సరళీ వరుసల పిల్లలు వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. పెట్టె మాత్రం మోగుతూనే ఉండేది. నా చెవికి అదీ ఫ్యాను చప్పుడూ ఒకటే. కరెంటు పోయి ఆగినప్పుడే, అరె, ఇంతసేపూ ఇది మోగుతోంది కదా అనిపించేది.

ఆ ఫ్యాను చప్పుడుకే ఒక గది ఇచ్చేసిన మనిషి ఉన్నాడని న్యూయార్క్‌లోనే తెలిసింది. అమ్మకు చూపించాలనిపించింది.

మన్‌హాటన్‌లో 275, చర్చ్ స్ట్రీట్. బయటికి మామూలు పాత బిల్డింగే. మెట్లెక్కి, చెప్పులు విప్పి లోపలికెళితే నేలంతా కార్పెట్టు, గులాబీకీ ఊదాకీ మధ్య రంగులో వెలుగు, అగరొత్తుల వాసన, మూలమూలకూ పెద్ద పెద్ద స్పీకర్లు. వాటిలోంచి ఆగకుండా, మారకుండా వచ్చే ఒక నాదం. దీని పేరు డ్రీమ్ హౌస్. ధ్వని లా మాంట్ యంగ్‌ది, వెలుగు ఆయన భార్య మరియన్ జజీలాది. 1993 నుంచి ఇది ఇక్కడే ఉంది.

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఐదు నిమిషాలు ఓపిక పట్టింది.

“పాడేవాళ్లేరీ?”

“ఎవరూ పాడరమ్మా.”

“మరి?”

“ఇదే.”

నా వంక జాలిగా చూసింది. టికెట్టు కొని మోసపోయిన కొడుకు కనిపించి ఉంటాడు. ఇంకేదో అనబోయి తల తిప్పింది, టక్కున ఆగిపోయింది. మళ్లీ అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆ గదిలో జరిగేదే అది. సింథసైజర్ నుంచి వచ్చే ఒంటరి స్వరాలు గోడలకు తగిలి వెనక్కొస్తాయి. కొన్ని చోట్ల ఒకదానికొకటి కలిసి బలపడతాయి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి తినేస్తాయి. అందుకని అరడుగు జరిగితే ఒక స్వరం పైకొస్తుంది, వంగితే ఇంకొకటి. స్పీకర్లు మార్చేదేమీ లేదు, మార్చేది మన నడకే. మోకాళ్ల నొప్పుల మనిషి లేచి నిలబడింది. చెవికమ్మ జారవిడుచుకున్నవాళ్లు నేల వెతికినట్టు గదంతా మెల్లగా తిరిగింది. ఒక మూల నిలబడి, “ఇక్కడైతే పాడుకోవచ్చురా” అంది గుసగుసగా. పాడలేదు.

తిరిగొస్తూ రైల్లో యంగ్ కథ చెప్పాను. 1935లో ఐడహో రాష్ట్రంలో ఒక పల్లెలో, దుంగలతో కట్టిన ఇంట్లో పుట్టాడు. చిన్నతనంలో తన చెవిని పట్టేసినవి ఆ ఇంటి చుట్టూ గాలి వేసే ఊళ, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల రొద అని ఆయనే చెప్పుకున్నాడు. మా వీధి చివరా ఉండేది ఒక ట్రాన్స్‌ఫార్మర్. ‘దగ్గరికెళ్లకు’ అన్న మాట తప్ప దాని గురించి మా ఇంట్లో ఇంకో మాట లేదు. 1960లో ఆయన రాసిన ఒక రచనలో స్వరాలు రెండే, వాటిని చాలాసేపు పట్టి ఉంచాలన్న సూచన ఒకటి. ఆ రెంటి మధ్య దూరం షడ్జమ పంచమాల మధ్య దూరమే. అంటే సా, పా. హిందుస్తానీ సంగీతంలో కిరానా ఘరానాకు చెందిన గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ న్యూయార్క్ వచ్చింది 1970లో. యంగ్, జజీలా ఆయనకు శిష్యులై, 1996లో ఆయన పోయేదాకా వెన్నంటి ఉన్నారు. కానీ ఆ రెండు స్వరాలు అంతకు పదేళ్ల ముందటివి. ‘మనదే తీసుకున్నారు’ అని శనివారం విందుల్లో చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, లెక్క అలా కుదరదు. మనకు శ్రుతి పాట నిలబడడానికి వేసిన నేల. యంగ్ ఆ నేల మీదే కూర్చుండిపోయాడు.

అమ్మ అంతా విని, “తంబూరా శ్రుతి చెయ్యడానికి మా మాస్టారు అరగంట తీసుకునేవారు. పాఠం టైము అయిపోతోందని మేం గునిసేవాళ్లం. ఆయనైతే అక్కణ్నుంచి లేచేవారు కాదు” అంది.

మరోవారం టైమ్స్ స్క్వేర్. లోకమంతా అక్కడికి దీపాలు చూడ్డానికి వెళితే మేం చప్పుడు వినడానికి వెళ్లాం. బ్రాడ్‌వే మీద 45, 46వ వీధుల మధ్య, రోడ్డు నడుమ తిన్నె లాంటి చోట, నేలకు ఇనుప జాలీ ఉంటుంది. కింద సబ్‌వే గాలి గొట్టం. మాక్స్ న్యూహాస్ అనే ఆయన 1977లో అందులో ఒక నాదం అమర్చాడు. 1992లో ఆగిపోయింది, 2002లో మళ్లీ మొదలైంది. ఇప్పుడు రాత్రీ పగలూ మోగుతుంది. బోర్డు లేదు, ఉండకూడదని ఆయన పట్టు. తెలిసినవాళ్లు ఆగుతారు, తెలియనివాళ్లు దాటిపోతారు, ఎవరో ఒకరు మాత్రం తెలియకుండానే ఆగుతారు. ఆయన అసలు తాళవాద్య కళాకారుడు. 1966లో జనం చేతుల మీద ‘విను’ అని ఇంగ్లీషులో ముద్ర వేసి, కచేరీకి బదులు వీధుల వెంట నడిపించాడు. ఇలాంటివాటికి ‘సౌండ్ ఆర్ట్’ అని పేరు స్థిరపడ్డాక, ఆ పేరే ఆయనకు నచ్చలేదు.

అమ్మ జాలీ మీద చీర కుచ్చిళ్లు ఒడిసి పట్టుకుని నిలబడింది. “పైడితల్లమ్మ గుళ్లో గంట కొట్టాక మిగులుతుందే, అది. కొట్టిందెవరు?” అంది. అంతకంటే బాగా చెప్పిన వాక్యం దాని గురించి నేనింకా చదవలేదు.

ఆఖరున, తిరుగు ప్రయాణానికి ముందు ఆదివారం, హడ్సన్ నది పక్కన పోయే రైలెక్కి బీకన్ వెళ్లాం. అక్కడి మ్యూజియంలో న్యూహాస్ 2005లో పెట్టిన ఇంకో నాదం ఉంది. ప్రతి గంటకూ కొన్ని నిమిషాల ముందు సన్నగా మొదలై పెరుగుతూ వస్తుంది, ఎప్పుడు మొదలైందో పట్టుకోలేం. సరిగ్గా గంట అయ్యేసరికి ఆగిపోతుంది. గడియారం గంట కొడుతుంది, ఇది కొట్టడం మానేసి టైము చెబుతుంది. ఆవరణలో మాట్లాడుకుంటున్నవాళ్లం ఇద్దరం ఒక్కసారే ఆగాం.

“కరెంటు పోయినట్టుందిరా” అంది అమ్మ.

ఇప్పుడు విజయనగరంలో ఉంది. మాకు రాత్రయ్యేసరికి వాళ్లకు పాఠాల వేళ. వీడియో కాల్‌లో ఆమె మాట వెనక శ్రుతి వస్తుంది, పోతుంది. ఆగకుండా మోగేది ఏదైనా ఫోను లెక్కలో రొదే, అందుకని తుడిచేస్తుంది. మాట మాటకూ మధ్య తెగిన పోగుల్లా కాస్త కాస్త తప్పించుకుని వస్తుంది. మొన్న వాటికోసమే చెవి పెట్టి కూర్చున్నాను.

“ఏవిట్రా, పలకవు?”

“వింటున్నానమ్మా.”

“నేనేం అనలేదుగా, ఏం వింటున్నావు?” అంది. తర్వాత తనకే తోచింది. “ఓ, శ్రుతి అడ్డొస్తోందా? ఉండు, కట్టేస్తా.”

వద్దనేలోపే కట్టేసింది.