ప్రశ్న వేయు విద్య

ప్రశ్నలడుగుటయే మా వృత్తి. 20 సంవత్సరములనుండి బడిపిల్లలను ప్రశ్నలడిగియే జీతము పుచ్చుకొనుచున్నాము. అట్టి మాకు ప్రశ్న వేయుట చేతకాదని 45వ యేట తెలిసివచ్చినది.

నిరుడు మేము సమాజశాస్త్రమున ఎం. ఏ. తరగతిలో చేరితిమి. సహపాఠులందరును మా శిష్యుల యీడువారు. పాఠ్యప్రణాళికలో పరిశోధనాపద్ధతులను శీర్షిక చూచి, "బాల్యముననే తర్కసంగ్రహము వల్లించినవారము, హేతువిచారమున మాకు క్రొత్త యేమున్నది?" అని లోలోన నవ్వుకొంటిమి.

అభ్యాసమునకై యొక చిన్న పరిశోధన చేయవలసి వచ్చెను. పత్తితీతల దినములలో మా యూరి బాలికలు బడి మానుటకు కారణమేమి యనునది మేమెన్నుకొన్న విషయము. కారణము మాకు ముందే తెలియును: తలిదండ్రుల యశ్రద్ధ! కావున "మీ పిల్ల చదువుపై మీకు శ్రద్ధ యేల లేదు?" అని మొదటి ప్రశ్న వ్రాసికొని, తలిదండ్రుల సమావేశమునకు వచ్చిన 30 మందిని విచారించి, పట్టికలు గీసి గురువుగారి ముందుంచితిమి. వారు మాకంటె పదియేండ్లు చిన్నవారు. కాగితములు త్రిప్పిచూచి, "బడి మానిన పిల్లల తల్లులు వీరిలో నెందరండీ?" అని మాత్ర మడిగిరి. లెక్కించితిమి. ఇద్దరు.

అప్పుడు వారు 1936వ సంవత్సరపు వృత్తాంత మొకటి చెప్పిరి. అమెరికా అధ్యక్షుని యెన్నికకు ముందు లిటరరీ డైజెస్ట్ అను పత్రిక సుమారు కోటిమందికి చీట్లు పంపి, 20 లక్షలకు మించిన ప్రత్యుత్తరములతో లాండన్ గెలుచునని చాటినది. రూజ్వెల్టు 48 రాష్ట్రములలో 46 గెలిచెను. చిరునామాలలో పెక్కులు టెలిఫోనులు, మోటారుకార్లు గలవారివి. బదులు వ్రాయనివారి మనసో, ఎవ్వరికిని తెలియలేదు. లెక్క పెద్దదైనంతమాత్రమున నిజము కాదు. లెక్కలోనికి రానివా రెవరో యెరుగవలయును.

రానివారి యిండ్లకు మేమే పోతిమి. ప్రశ్నయు మార్చితిమి: "నిన్న ప్రొద్దుటినుండి ఏమేమి జరిగినదో చెప్పుమమ్మా." ఒక తల్లి యిట్లనెను: "తెల్లారకముందే చేనుకు పోయిన సారూ. చిన్నోన్ని పెద్దపిల్లనే పట్టుకున్నది. ఒకపారి వాన్ని ఎత్తుకొనే బడికొచ్చింది. మీరే ఇంటికి పంపిన్రు."

మాకది జ్ఞాపకము లేదు. తలుపుచాటున తల వంచుకొని నిలిచిన యా పిల్లకు మాత్రము జ్ఞాపకమున్నది.

నిప్పున్న చోటనెల్ల పొగ యుండదు. తడికట్టె తోడైననే పొగ పుట్టును. ఆ తడికట్టెను తార్కికులు ఉపాధి యనిరి. ఈ మాట వల్లించి ముప్పదియేండ్లయినది. పేదరికమును చూచితిమి, ఖాళీ పలకపీటను చూచితిమి. నడుమనున్న చంటిబిడ్డను చూడక యశ్రద్ధయని తీర్పు చెప్పితిమి. ఆ తీర్పు మోసినది బాలిక.

మేము చూచినవి 11 ఇండ్లు. వానినిబట్టి దేశమంతయు నిట్లేయని వ్రాసినచో మరల నదే తప్పగును. కావున మా యూరిమాటయే వ్రాసితిమి. సోదరోపాధ్యాయులారా! బడికి రాని పిల్ల యింటికొక్కమారు పొండు. ఉత్తరమును ముందే జేబులో నుంచుకొని మాత్రము పోకుడు.