ఇద్దరుంటేనే తెరుచుకునే తలుపు

తిరువళ్ళూరు, తిరుత్తణి వైపు పిల్లలు ఫైనలియర్ ప్రాజెక్టుకి వీడియో గేమ్ చేస్తామంటే నాకు ప్రాణం లేచొస్తుంది. అందులోనూ ఇద్దరు కలిసి ఆడే ఆటంటే మరీ ఇష్టం. రండి, కూర్చోండి, ఆ కబుర్లే చెప్పుకుందాం.

"ఆటలు కూడు పెడతాయా?" అని అడిగే నాన్నలకి ముందు ఒక మాట. అమెరికాలో డిజిపెన్ అనే కాలేజీ విద్యార్థులు 2005లో నార్బాక్యులర్ డ్రాప్ అని ఒక ఆట చేశారు. ఈ గోడలోని ద్వారంలో దూరితే ఆ గోడలోంచి బయటపడతాం, అంతే ఆలోచన. వాల్వ్ కంపెనీ అది చూసి జట్టు జట్టునే ఉద్యోగంలోకి తీసుకుంది. 2007లో అదే పోర్టల్ అనే ఆట అయింది. 2011లో వచ్చిన రెండో భాగంలో ఇద్దరు ఆడుకోవడానికి రెండు రోబోలతో విడిగా కథే ఉంది.

అయితే కలిసి ఆడే ఆటకి ఒక జబ్బు ఉందండీ. ఇద్దరికీ అన్నీ కనిపిస్తే, తెలివైనవాడు "అటెళ్ళు, ఇది నొక్కు" అని పెత్తనం మొదలుపెడతాడు, రెండోవాడు ఉత్త చెయ్యి అయిపోతాడు. ప్రాజెక్టు జట్టులోనూ అదే జబ్బు: కోడంతా ఒక్క అమ్మాయి రాస్తుంది, రిపోర్టు మీద పేర్లు మాత్రం నాలుగు. నన్నడిగితే రెండింటికీ మందు ఒకటే. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరి దగ్గర ఉండకూడదు. 2014లో ఒక గేమ్ జామ్‌లో, అంటే తక్కువ సమయంలో ఆట తయారుచేసే కూటమిలో, పుట్టిన కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్ చూడండి. బాంబు ఒకరికే కనిపిస్తుంది, దాన్ని ఆపే పుస్తకం ఇంకొకరి చేతిలో ఉంటుంది. నోరు విప్పకపోతే ఇద్దరూ పేలిపోతారు.

ఇలాంటి ఆటకి మన ఊళ్ళకన్నా అనువైన చోటు ఎక్కడుంది? 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. ఎన్నో ఇళ్ళలో మాట తెలుగులో, బడిలో చదువు తమిళంలో. తెలుగు గలగలా మాట్లాడుతూ అక్షరం మాత్రం చదవలేని పిల్లలు మన మధ్యే ఉన్నారు. అందుకని తెలుగుని చెవికి ఇవ్వండి, తమిళాన్ని కంటికి ఇవ్వండి.

ఉదాహరణకి ఆట ఇలా మొదలుపెట్టండి: తిరుత్తణి కొండకెక్కే 365 మెట్లు. చీకటి. ఒక మండపంలో నాలుగు వాకిళ్ళు, వాటి మీద తమిళ అక్షరాల్లో పేర్లు: కోడి, నెమలి, వేలాయుధం, ఏనుగు. అవి ఒకరికే కనిపిస్తాయి. రెండోవాళ్ళ చెవిలో అవ్వ గొంతు: "జెండా మీద ఉండేది కాదు నాయనా, చేతిలో ఉండేదీ కాదు. మన కొండ మీద స్వామికి ఎదురుగా నిలబడేది." ఊరు తెలియనివాడు స్వామి ముందు నెమలే ఉంటుందనుకుని ఆ వాకిలికి పరిగెడతాడు. మన పిల్ల మాత్రం "ఏనుగురా, ఏనుగు!" అని అరుస్తుంది. ఆ అరుపు కోసమే ఇంత పనీ. గొంతు మాత్రం నిజం అవ్వదే రికార్డు చెయ్యండి. ఆవిడ సాగదీసే తీరు ఏ యాప్‌కీ రాదు.

దీనికి నెట్‌వర్క్ కూడా అక్కర్లేదు. ఒకే లాప్‌టాప్: ఒకరు తెర చూస్తారు, ఒకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని వెనక్కి తిరిగి కూర్చుంటారు. నెట్‌వర్క్‌లో పడితే ఈ మెషీన్‌లో తలుపు తెరుచుకుని ఉంటుంది, ఆ మెషీన్‌లో మూసి ఉంటుంది. ఏది నిజమో తేల్చే కోడ్ రాసేసరికి సెమిస్టర్ అయిపోతుంది. ఆ పని రెండో వెర్షన్‌కి ఉంచండి. ఆటలు తయారుచేసే గోడో ఇంజిన్ ఉచితం, మొదలుపెట్టడానికి అది చాలు. మెట్లు ఒకరు, మండపం ఒకరు, శబ్దం ఒకరు, ఎవరి సీన్ ఫైలు వాళ్ళదే. ఇద్దరు ఒకే ఫైలు మార్చి గిట్‌లోకి తోశారంటే ఆ రాత్రి నిద్ర ఉండదు.

మొదటి మండపం పూర్తయిన రోజే అరక్కోణం వైపు వెళ్ళే బండిలో, ఎదురు సీట్లో ఉన్న ఇద్దరికి ఇచ్చి ఆడించండి. వాళ్ళు ఎంత తడబడినా సాయం చెప్పకండి. ఎక్కడ మాటలు ఆగిపోయాయో నోట్‌బుక్‌లో రాసుకోండి. మర్నాడు ముందు ఆ చోటే సరిచెయ్యండి.