ఎడమచేతి విద్య

హార్మోనియం నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలను మొదట్లో ఒక్క మెట్టు తప్ప రెండోది ముట్టుకోనివ్వను. కుడిచేతి వేలు షడ్జమం మీద నిలుస్తుంది, ఎడమచేయి వెనక బెల్లోస్ ఊపుతుంది. ఆ ఒక్క స్వరం వణక్కుండా, తెగకుండా, చేయి వెనక్కి తిరిగే చోట ఉబ్బకుండా సాగాలి. అది కుదిరేదాకా సరళీ స్వరాలు లేవు, పాట అసలే లేదు. మనవళ్లను దింపడానికి వచ్చే తాతలకు ఇది నచ్చదు. “సారూ, మా పోరడు పాటెప్పుడు వాయిస్తడు?” అని అడుగుతారు. “ముందుగాల గాలి నేర్వనియ్యి తాతా, పాట యాడికి పోతది?” అంటాను.

శ్రీశైలం రోడ్డు మీది మా కందుకూరులో హార్మోనిస్టుకు ఏడాది పొడుగునా ఒకే తీరు పని ఉండదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప పడిపూజలు, తీరిక దొరకదు. శ్రీరామనవమికి, హనుమాన్ జయంతికి గుళ్లలో భజనలు. ఊళ్లో పెద్దమనిషి పోతే రాత్రంతా ఆ ఇంటి ముందు కూర్చుని తెల్లారేదాకా తత్వాలు. అప్పుడప్పుడూ ఏ జాతరకో పద్యనాటకం. ఎండలు ముదిరి బడులు మూశాక మాకు పని పలచబడుతుంది. అప్పటి నుంచి జూన్‌లో మళ్లీ బడులు తెరిచేదాకా పొద్దున చల్లపూట పిల్లలకు నేర్పుతాను. నాకు ఏడాదిలో ఇష్టమైన కాలం ఇదే.

మన ఊరి గుడిలో పుట్టినట్టే కనిపించే ఈ పెట్టె పుట్టింది ఫ్రాన్సులో. 1840లలో పారిస్‌లో అలెగ్జాండర్ డెబెయిన్ దీనికి రూపమిచ్చాడు. అక్కడ కుర్చీలో కూర్చుని, కాళ్లతో గాలి తొక్కుతూ, రెండు చేతులతో మెట్లు వాయించేవారు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతంలో దాన్ని నేల మీద కూర్చుని వాయించేలా మార్చాడు. కాళ్ల పని ఎడమచేతికి వచ్చింది, స్వరాలన్నీ కుడిచేతికి మిగిలాయి. మన సంగీతం ఒక్క స్వరం వెంట ఒక్క స్వరంగా నడిచేది కాబట్టి ఒక చేయి చాలింది. రెండో చేతికి దక్కిన పని మాత్రం చిన్నదేమీ కాదు. హార్మోనియంలో మెట్టును ఎంత గట్టిగా నొక్కినా స్వరం పెరగదు. పెంచేదీ తగ్గించేదీ గాలే. పాటకు ప్రాణం పోసేది ఎడమచేయే.

ఈ మధ్య కొందరు పిల్లలు కరెంటు కీబోర్డులు పట్టుకుని వస్తున్నారు. పెట్టె కొనలేనివాళ్లు, పట్నంలో అన్నలు వాడి వదిలేసింది దొరికినవాళ్లు. నేను వద్దనను. దాంట్లో ఒక్కో బటన్‌కు ఒక్కో వాద్యం పలుకుతుంది. ఒక పాప ఒక బటన్ నొక్కి, వీణ తీగను గోటితో మీటినట్టున్న ఆ మోత ఏమిటని అడిగింది. అది హార్ప్‌సికార్డ్. యూరప్‌లో పియానో రాకముందు రాజ్యమేలిన వాద్యం. మెట్టు నొక్కితే లోపల సన్నటి చెక్క ముక్క పైకి లేచి, దానికి గుచ్చిన పక్షి ఈక కాడ తీగను మీటుతుంది. మెల్లగా నొక్కినా, దబ్బున కొట్టినా మీటు ఒకే తీరు. వేలి బలాన్ని బట్టి స్వరం పెరిగే వాద్యం కోసమే 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో బార్టొలోమియో క్రిస్టోఫరి పియానో కట్టాడు.

వేలి బలానికి లొంగని హార్ప్‌సికార్డ్‌ను నేర్పడానికి ఫ్రాన్సువా కూపెరిన్ 1716లో పారిస్‌లో ఒక పుస్తకం అచ్చు వేశాడు. ఫ్రెంచి రాజుగారి కొలువులో వాయించినవాడు. స్వరాన్ని పెంచలేనప్పుడు భావం ఎలా పలికించాలన్నది ఆయనకూ సమస్యే. ఆయన చూపిన దారి సులువుగా అర్థమవుతుంది: ఒక స్వరాన్ని కాస్త ముందుగా వదిలెయ్యి, ఇంకోదాన్ని కాస్త ఆలస్యంగా అందుకో. ఆ సన్నటి ఖాళీలోనే చెవికి మెత్తదనం తోస్తుంది. ఆరేడేళ్ల వయసులో మొదలుపెట్టించమన్నాడు. మొదటి పాఠాల రోజుల్లో గురువు లేనప్పుడు పిల్లలు వాద్యం ముట్టకుండా దాని తాళంచెవి తానే తీసుకుపోయేవాడట. చేతికి మొదట పడిన అలవాటు అంత గట్టిదని ఆయనకు తెలుసు. నేనూ పెట్టెకు మూత వేసే వెళ్తాను.

గాలి కుదిరాక మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మొదలుపెడతాం. పిల్లలు విసిగిపోయే సమయానికి నల్లమెట్లు చూపిస్తాను. ఒక స్థాయిలో నల్లమెట్లు అయిదే. తెల్లవాటి జోలికి పోకుండా, నాలుగున్నర శ్రుతి మెట్టును షడ్జమంగా పెట్టుకుని ఆ అయిదూ వరసగా వాయిస్తే మోహనం. అవే మెట్లు, షడ్జమాన్ని అయిదున్నరకు జరిపితే మధ్యమావతి. ఆరున్నరకు పోతే హిందోళం. ఒకటిన్నర నుంచి శుద్ధసావేరి, రెండున్నర నుంచి శుద్ధధన్యాసి. సంగీతం తెలిసినవాళ్లు దీన్ని గ్రహభేదం అంటారు. పిల్లలకు ఆ పేరు చెప్పను. మోహనం వాయించి, శ్రుతి మార్చి, “ఇప్పుడు వినుండ్రి” అంటాను. అవే అయిదు మెట్ల మీద మంగళహారతి పాడే మధ్యమావతి పలికేసరికి వాళ్ల కళ్లు పెద్దవవుతాయి. ఆ పూట ఇంటికి పొమ్మన్నా పోరు.

హార్మోనియానికి రానిదేమిటో కూడా వాళ్లకు దాచకుండా చెప్తాను. స్వరానికీ స్వరానికీ మధ్య జారే గమకం దీనికి రాదు. తోడిలో గాంధారం ఊగాల్సినట్టు ఊగదు. ఈ కారణంతోనే 1940 మార్చి నుంచి 1971 దాకా ఆలిండియా రేడియో ఈ పెట్టెను గడప తొక్కనివ్వలేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా దీన్ని వద్దన్నవారే. వాళ్లు పట్టిన లోపం నిజమే. కానీ ఆ ముప్పై ఏళ్లూ ఊళ్లలో భజన గుళ్లూ, నాటకం పందిళ్లూ, చిందు యక్షగానం మేళాలూ దీన్ని వదల్లేదు. మైకు లేని రాత్రి, ఆరుబయట, గొంతుకు ఆధారంగా శ్రుతి నిలబెట్టే వాద్యం వాళ్లకు కావాలి. అందుకే నేను నేర్పేది గమకాన్ని పాడేవాడికి వదిలి, కింద స్వరాన్ని నిటారుగా పట్టుకోవడం.

పెట్టె విప్పడం కూడా పాఠంలో భాగమే. మూడున్నర స్థాయిల పెట్టెలో 42 మెట్లు. రెండు వరసల రీడ్లుంటే లోపల 84 ఇత్తడి నాలుకలు. శ్రీశైలం రోడ్డు మీద లారీలు లేపే దుమ్ము, పక్క ఊళ్లు ముచ్చెర్ల, మీర్‌ఖాన్‌పేట వైపు జరిగే నిర్మాణ పనుల దుమ్ము ఎండాకాలంలో బెల్లోస్‌తో పాటు లోపలికి పోతుంది. ఒక రోజు ఏదో ఒక మెట్టు మూగబోతుంది. అప్పుడు పిల్లలను చుట్టూ కూర్చోబెట్టి పై పలక తీస్తాను. పలకని రీడ్ నాలుక కింద సన్నటి కాగితం ముక్క జొనిపి మెల్లగా లాగితే నలుసు వచ్చేస్తుంది. శ్రుతి తగ్గిన రీడ్‌ను కొస దగ్గర కొద్దిగా గీకితే పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. రెండు గీతలు ఎక్కువైతే మళ్లీ మొదటికి రావడం కష్టం. గీకుతూ, ఊదుతూ, వింటూ పోవాలి. ఆ పని చూసిన పిల్లలు తర్వాత మెట్లను బాదరు.

చివరి పాఠం వంత. నాటకంలో నటుడు నాలుగు, అయిదు శ్రుతుల్లో పద్యం ఎత్తుకుంటాడు. ఆయన పాడుతున్నంతసేపూ హార్మోనియం గొంతు కింద నడవాలి. ఆయన ఊపిరి తీసుకున్నప్పుడు ఆ ఆఖరి సంగతిని అందుకుని, గాలి పెంచి, జనం చెవుల్లో రాగం తెగిపోకుండా నిలపాలి. ఆయన మళ్లీ నోరు తెరిచేసరికి ఎడమచేయి తగ్గిపోవాలి. అది చప్పట్లు తెచ్చే విద్య కాదు. మనకంటే ముందు ఎదుటివాడి ఊపిరిని వినడం నేర్పే విద్య.

సెలవులు అయిపోయే ముందు ప్రతి పిల్లవాడినీ పెట్టె ముందు కూర్చోబెట్టి నేను పాడతాను. వాడు మెట్లు చూస్తే ఇంకా నేర్చుకోవాల్సి ఉంది. నా నోరు చూస్తూ, నేను ఆగిన చోట అందుకుని, నేను ఎత్తుకున్న చోట తగ్గితే వాడిని వచ్చే శనివారం భజనకు రమ్మంటాను. అక్కడ వాడి తాతల వయసువాళ్లు పాడతారు. వాళ్లకు తెలిసిన తత్వాలు చాలా మటుకు పుస్తకాల్లో లేవు, గొంతుల్లోనే ఉన్నాయి. పక్కన వంత పట్టే కుర్రవాడు కూర్చుంటే మరిచిపోయిన చరణాలు కూడా వాళ్లకు గుర్తొస్తాయి. ఆ చరణాలు నేర్చుకునే పిల్లలు ఊరికి ఇద్దరున్నా చాలు. వాళ్లకోసమే ఏటా ఎండాకాలం పెట్టె మూత తెరుస్తాను.